ఊరు విడిచిన జట్టు

మా ఊరికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఆరేళ్ళపాటు ఉన్నది. ఆ ఆరేళ్ళలో ఒకసారి దేశవిజేతగా నిలిచింది, రెండుసార్లు పట్టికలో అట్టడుగున నిలిచింది. 2025 అక్టోబరులో ఢిల్లీకి తరలిపోయింది. వెళ్తూ వెళ్తూ పేరు కూడా మార్చుకుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ అన్న మాట ఇప్పుడు పాత స్కోరు పట్టికల్లోనూ, నా బీరువాలో మడతపెట్టి ఉన్న ఒక పసుపుపచ్చ చొక్కా మీదా మిగిలింది.

ఏటా సీజను ముగియగానే అభిమాని అయినవాడు కూర్చుని లెక్క చూసుకుంటాడు. ఎక్కడ గెలిచాం, ఎక్కడ ఓడాం, ఎవరు ఉంటారు, ఎవరు పోతారు, వచ్చే ఏడు సంగతేమిటి అని. ఈసారి ఆ లెక్కకు జట్టే లేదు. అయినా అలవాటు మానుకోలేక రాస్తున్నాను. పుస్తకాలూ పద్యాలూ మాట్లాడుకునే మన మధ్య ఈ బంతి గొడవ ఏమిటని మిత్రులు కొందరు విసుక్కోవచ్చు. కాస్త ఓపిక పట్టమని మనవి. (కాల్బంతి అని చక్కగా తెలుగు చేసిన మాట ఒకటి ఉన్నది. ఎందుకో అది నా నోటికి రాదు. ఫుట్‌బాల్ అనే రాస్తాను.)

నా నివాసం నాంపల్లి; రైలుస్టేషనుకూ పబ్లిక్ గార్డెన్సుకూ మధ్య ఒక సందులో. ఉద్యోగం అబిడ్స్‌లో, జీపీవోకు కూతవేటు దూరాన. ముప్ఫయ్యేళ్ళుగా ఈ రెండింటి నడుమనే నా రాకపోకలు. ఇంటినుంచి బయలుదేరి తోట పక్కగా, శాసనసభ దాటుకుని నడిస్తే లాల్ బహదూర్ స్టేడియం వస్తుంది. ఆఫీసునుంచి గన్‌ఫౌండ్రీ మీదుగా నడిచినా అదే వస్తుంది. దానికి శాస్త్రిగారి పేరు 1967లో పెట్టారు. అంతకుముందు అది ఫతే మైదానం. మా నాన్నగారు చివరిదాకా ఆ పేరుతోనే పిలిచేవారు. గోల్కొండ ముట్టడి కాలంలో ఔరంగజేబు సైన్యం అక్కడ విడిది చేసిందనీ, 1687లో కోట చేజిక్కాక విజయానికి గుర్తుగా ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. గెలిచినవాడు పెట్టిన పేరు. ఓడిన ఊరు దానిని మూడు వందల ఏళ్ళకు పైగా భద్రంగా మోసుకొచ్చింది. గెలుపోటముల విషయంలో మా ఊరికి పట్టింపు తక్కువని నాకు అప్పుడప్పుడు అనిపించడానికి అదొక కారణం.

నాన్నగారు నల్లగొండ జిల్లానుంచి 1956లో నిజాం కాలేజీలో చదువుకోవడానికి వచ్చారు. కాలేజీనుంచి మైదానానికి ఎంతో దూరం లేదు. సాయంత్రమైతే అటే పోయేవారట. అవి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు వెలుగుతున్న రోజులు. 1950లో ఆ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. అదే ఏడు మొదలుపెట్టి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఇక రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ సంగతి మరీ విచిత్రం. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం పటంలోనుంచి పోయింది. అయినా 1956–57లోనూ, 1957–58లోనూ ఆ ట్రోఫీ గెలిచిన జట్టు పేరు హైదరాబాదే. రాష్ట్రం పోయినా జట్టు ఉన్నది! నాన్నగారు ఈ మాట చెప్పి నవ్వేవారు.

ఈ గెలుపులన్నిటి వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తిరీత్యా బడిపంతులు. 1943నుంచి పోలీసు జట్టుకు శిక్షకుడు. భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినా, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినా శిక్షకుడు ఆయనే. ఆయన బాల్యంనుంచే ఆటగాళ్ళను తీర్చేవారు. బంతిని ఒక్కడే కాళ్ళ మధ్య పెట్టుకుని తీసుకుపోకూడదన్న నియమంతో కొన్ని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో కొన్ని పోటీలు పెట్టేవారు. తెలుగు పంతులు పిల్లవాడి చేత ఒత్తులు దిద్దించినట్టే ఇదీను. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడనుంచి తులసీదాస్ బలరామ్ అనే కుర్రవాడు సాధనకు రావడానికి దారి ఖర్చులు లేవంటే, సైకిలు అద్దెకు రోజుకొక రూపాయి రహీమే ఇచ్చేవారని చెబుతారు. ఆ బలరామ్ మెల్బోర్న్‌లోనూ, 1960లో రోమ్‌లోనూ ఒలింపిక్స్ ఆడాడు. జకార్తా స్వర్ణ జట్టులోనూ ఉన్నాడు.

రహీమ్ సాహెబు 1963 జూన్‌లో కేన్సరుతో పోయారు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒకసారి సంతోష్ ట్రోఫీ వచ్చింది. ఆ తరువాత మా ఊరి ఫుట్‌బాల్ నెమ్మదిగా వాలిపోయింది. ఆట తెలిసిన పిల్లలు పుట్టకపోలేదు. నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అందరూ ఈ ఊరివారే. అయితే వారికి పేరూ జీతమూ ఇచ్చినవి బయటి క్లబ్బులు, ముఖ్యంగా కలకత్తావి. మోహన్ బగాన్ 1889లో, మొహమ్మడన్ స్పోర్టింగ్ 1891లో, ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టాయి. నేటికీ ఉన్నాయి. మా ఊరి జట్టు ఒక ప్రభుత్వశాఖకు చెందిన జట్టు. శాఖకు శ్రద్ధ ఉన్నంతకాలం, రహీమ్ వంటి మనిషి ఒకరు ఉన్నంతకాలం అది వెలిగింది. ఊరిజనం దానిని ప్రేమించారు. కాని దానిని నిలబెట్టే బాధ్యత ఊరిజనం చేతిలో ఎన్నడూ లేదు. ఈ మాట గుర్తుంచుకోమని కోరుతున్నాను, మళ్ళీ దీని దగ్గరకు రావాలి.

నాన్నగారు 2018లో వెళ్ళిపోయారు. మరుసటి ఏడు, 2019 ఆగస్టులో, హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. ఇండియన్ సూపర్ లీగులో పుణె సిటీ జట్టు మూతపడగా ఆ ఖాళీలోకి ఇది వచ్చింది. పుణెలో ఎవరి బీరువాలోనో ఒక చొక్కా మడతపడిన రోజునే మాకు పండుగ అయిందన్నమాట. ఆ సంగతి అప్పట్లో ఇక్కడ ఎవరం పెద్దగా తలుచుకోలేదు. పండుగపూట అటువంటివి ఎవరికీ తట్టవు.

మా చెల్లెలి కూతురికి అప్పుడు తొమ్మిదేళ్ళు. బడిలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టారని, దానికి ఆటంటే ప్రాణమనీ నన్ను తోడు రమ్మన్నది. ఆటలు జరిగేది గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో. నాంపల్లిలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఆ గీత చివరన దిగి, అక్కడినుంచి ఆటో. ఆట రాత్రి ఏడున్నరకు. తిరిగి ఇల్లు చేరేసరికి పిల్ల నా భుజం మీద నిద్రపోయేది. 2019 నవంబరు 2న అక్కడ జరిగిన మొట్టమొదటి ఆట కేరళ బ్లాస్టర్స్‌తో. మొదటి గోలు వాళ్ళదే, రాహుల్ కేపీ కొట్టాడు. తరువాత మేము రెండు కొట్టి గెలిచాం. ఆ రాత్రి దాని ముఖం చూసి నాన్నగారు ఉండి ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

ఇక ఆ ఏడు మాకు చెప్పుకోదగ్గది లేదు. 18 ఆటల్లో 2 గెలుపులు, 10 పాయింట్లు, పదో స్థానం. ఉన్నవే పది జట్లు. ఆ రెండు గెలుపుల్లో ఒకటి మేము చూసిన ఆ తొలి ఆట, రెండోది సీజను ఆఖరి ఆట, గువాహటిలో 5–1తో. నడుమ ఉన్నదంతా ఎండాకాలం.

ఆపైన కోవిడ్ వచ్చింది. 2020–21, 2021–22 సీజన్లు రెండూ గోవాలోనే, ఆటగాళ్ళను బయటి లోకానికి దూరంగా ఉంచి ఆడించారు. స్పెయిన్‌నుంచి మనోలో మార్క్వెజ్ శిక్షకుడిగా వచ్చాడు. మొదటి ఏడు అయిదో స్థానం. రెండో ఏడు లీగులో రెండో స్థానం, నైజీరియా ఆటగాడు ఒగ్బెచెకు 18 గోళ్ళు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనలు. ఎదుట మళ్ళీ కేరళ, గోలు కొట్టింది మళ్ళీ ఆ రాహుల్ కేపీయే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరంనుంచి, బంతి నేలను తాకకుండానే కొట్టి సమం చేశాడు. అదనపు సమయమూ అయిపోయి పెనాల్టీలకు వెళ్తే గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. 3–1. నాంపల్లి సందులో మా ఇంట్లో ఇద్దరం గంతులు వేశాం. పక్కింటివారు వచ్చి ఏమైందని అడిగారు. "హైదరాబాదు గెలిచింది" అన్నాను. "క్రికెట్టా?" అన్నారు.

మరునాడు అబిడ్స్ వెళ్ళాను. జీపీవో ముందు, నెహ్రూ విగ్రహం దగ్గర, చాయ్ దుకాణాల్లో ఎక్కడా దానిమీద మాట లేదు. సాయంత్రం ఫతే మైదానం చుట్టూ ఉన్న ఆటసామాను దుకాణాల్లో పసుపుపచ్చ చొక్కా కోసం అడిగాను. బార్సిలోనా ఉన్నది, మాడ్రిడ్ ఉన్నది, మాంచెస్టరువి రెండు రంగులూ ఉన్నాయి. నిన్న రాత్రి దేశం గెలిచిన సొంత ఊరి చొక్కా లేదు. ఒక దుకాణాయన మాత్రం, "అచ్ఛా, మన ఊరికి కూడా ఉన్నదా?" అని నిజంగానే సంతోషించాడు. ఆ చొక్కా చివరికి ఇంటర్నెట్టులో తెప్పించుకున్నాను.

దుకాణదారులను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆలోచిస్తే వారి అజ్ఞానానికి కారణం ఉన్నది. విజేత అయిన ఆ సీజనులో మా జట్టు ఒక్కసారి కూడా మా ఊళ్ళో ఆడలేదు. గోలీది గోవా, గోలు కొట్టినవాడిది గోవా, నాయకుడు జోవా విక్టర్‌ది బ్రెజిల్, వెనుక వరుసలో చింగ్లెన్‌సనాది మణిపూర్, ఆశిష్ రాయ్‌ది సిక్కిం, ఆకాశ్ మిశ్రాది ఉత్తరప్రదేశ్. నిర్ణాయకమైన పెనాల్టీ కొట్టిన హలీచరణ్ నార్జరీది అస్సాం. బయటివారని నాకు ఏ కొరతా లేదు. పొట్టచేత పట్టుకుని వచ్చినవారందరినీ తనలో కలుపుకున్న ఊరు మాది. అబిడ్స్‌కు ఆ పేరు వచ్చిందే ఇక్కడ అంగడి పెట్టుకున్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా మనిషి వల్ల. కాని కలవడానికి నాలుగు సాయంత్రాలైనా ఒకే చోట ఉండాలి కదా! మా జట్టు మా ఊరి పేరు పెట్టుకుని మరో ఊళ్ళో పెరిగి పెద్దదయింది. కప్పుతో తిరిగివచ్చేసరికి ఊరు దానిని గుర్తుపట్టలేదు.

2022–23లో ఆటలు మళ్ళీ గచ్చిబౌలికి వచ్చాయి. 42 పాయింట్లు, మళ్ళీ రెండో స్థానం. ఆ సీజను నడుస్తుండగానే, 2023 ఫిబ్రవరి 16న, తులసీదాస్ బలరామ్ కోల్‌కతాలో కన్నుమూశారు. మార్చిలో సెమీఫైనలు మొదటి ఆట ఇక్కడే. గోలు లేకుండా ముగిసింది. రెండోది కోల్‌కతాలో, అదీ గోలు లేకుండానే ముగిసి, పెనాల్టీలలో పోయింది. మనోలో వెళ్ళిపోయాడు. ఆ తరువాత జట్టు కాళ్ళ కింద నేల కదిలింది. జీతాల బకాయిలు, ఫిఫా విధించిన బదిలీ నిషేధాలు, ఒకరి వెనుక ఒకరుగా విదేశీయులూ పేరున్న స్వదేశీయులూ వెళ్ళిపోవడం. మిగిలినవారు ఇరవై దాటీ దాటని కుర్రవాళ్ళు. శిక్షకుడు తాంగ్‌బోయ్ సింగ్టో ఉన్నవారితోనే నెట్టుకొచ్చాడు.

2023–24: 22 ఆటలు, 1 గెలుపు, 5 సమం, 16 ఓటములు. 8 పాయింట్లు. పన్నెండులో పన్నెండు.

నిజం చెప్పాలంటే, నాకు అన్నిటికన్నా దగ్గరైన సీజను అదే. గెలిచిన ఏడు జట్టును టీవీలో చూశాం. ఓడిన ఏడు దగ్గరనుంచి చూశాం. ఖాళీ కుర్చీల మధ్య కూర్చుంటే ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే పిలుపులు కూడా వినబడేవి. రెండేసి, మూడేసి గోళ్ళు వెనుకబడినా ఆ కుర్రవాళ్ళు బంతి వెంట పరుగెత్తడం మానలేదు. మా మేనకోడలు అప్పటికి పదమూడేళ్ళది. ప్రతి ఆటకూ ఒక నోటుపుస్తకం తెచ్చేది. మా జట్టు గోలీ ఎన్ని ఆపాడో గీతలు పెట్టేది. "ఎన్ని పడ్డాయో అందరూ రాస్తారు మామయ్యా, ఎన్ని ఆగాయో ఎవరూ రాయరు" అన్నది ఒకరోజు. మార్చిలో చెన్నయిన్ మీద ఆ ఒక్క గెలుపు 1–0తో వచ్చినప్పుడు, విజేతలమైన రాత్రికన్నా గట్టిగా ఏడ్చింది.

2024–25లో యాజమాన్యం మారింది. 24 ఆటల్లో 18 పాయింట్లు, పదమూడులో పన్నెండో స్థానం. ఆ ఏడు గచ్చిబౌలి మైదానానికి మాత్రం తీరిక లేదు. సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు జరిగింది. మనోలో భారత జట్టు శిక్షకుడిగా అదే మైదానానికి తిరిగివచ్చాడు. మారిషస్‌తో 0–0, సిరియాతో 0–3. డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనలు. బెంగాల్ 1–0తో కేరళను గెలిచింది. ఊరికి పెళ్ళిళ్ళు చాలా వచ్చాయి, అన్నీ విడిదింటి పెళ్ళిళ్ళే.

2025 మార్చి 12న సీజను చివరి లీగు ఆట. అప్పుడు కూడా ఎదుట కేరళ బ్లాస్టర్సే. ఏడో నిమిషంలో వాళ్ళు గోలు వేస్తే, విరామానికి ముందు మా సౌరవ్ గాలిలో వెల్లకిలా లేచి తలమీదుగా తన్ని సమం చేశాడు. 1–1. అంత అందమైన గోలు ఆ మైదానంలో నేను చూడలేదు. మా ఊళ్ళో మా జట్టుకు అదే ఆఖరి గోలు అవుతుందని అక్కడున్న ఎవరికీ తెలియదు. అక్టోబరులో వార్త వచ్చింది: క్లబ్బు ఢిల్లీకి తరలింది, ఇకనుంచి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

ఢిల్లీ కథ కూడా చెప్పాలి. ఆ ఊరికి ఢిల్లీ డైనమోస్ అని ఒక జట్టు ఉండేది. 2019లో, మాకు జట్టు వచ్చిన ఆ ఆగస్టులోనే, అది భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పుణెది మాకు, ఢిల్లీది ఒడిశాకు, మాది ఢిల్లీకి. అద్దెఇల్లు మారినట్టు. మా సందులో ఏటా చూస్తాను. సామాను బండి వస్తుంది, బీరువా దిగుతుంది, వాకిట్లో పిల్లల చెప్పులు కనబడతాయి, ఇరుగుపొరుగుతో మాట కలుస్తుంది. ఒకనాడు మళ్ళీ బండి వస్తుంది. అద్దెకున్నవారిని అనడానికి లేదు. వారి లెక్కలు వారివి. నష్టం వస్తుంటే ఎవరు మాత్రం ఎన్నాళ్ళు భరిస్తారు?

అయితే సొంతఇల్లు ఉంటే చాలునా? ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ పనికివస్తుంది. పోలీసు జట్టు మాకు సొంతఇల్లు వంటిదే. అది ఎక్కడికీ తరలిపోలేదు. ఉన్నచోటనే పాడుబడింది. ఒకటి సంతకంతో పోయింది, మరొకటి మరపుతో పోయింది. రెండింటికీ ఉమ్మడి లోటు ఒకటి ఉన్నది. రెండింటిలోనూ ఊరిజనం చూసేవారే గాని పట్టుకుని ఉండేవారు కారు. కలకత్తాలో క్లబ్బుకు సభ్యులుంటారు, సభ్యత్వం కట్టి ఎన్నికలకు కొట్లాడుకునేవారు ఉంటారు. ఆ కొట్లాటలు చూసి మనం నవ్వుకుంటాం గాని, కొట్లాడుకునేవారు ఉన్న ఇంటిని ఖాళీ చేయించడం ఎవరికీ అంత సులువు కాదు.

మరో సంగతి మైదానం. రహీమ్ కాలంలో ఆట ఊరి నడిబొడ్డున ఉండేది. కాలేజీ వదిలితే మైదానం, ఆఫీసు వదిలితే మైదానం. టికెట్టుకన్నా దారి ఖర్చు ఎక్కువ కావడం ఉండేది కాదు. ఫుట్‌బాల్ ఇంకా బతికి ఉన్న బార్కాస్ వంటి పేటలనుంచి గచ్చిబౌలికి రాత్రిపూట వెళ్ళిరావడం ఎంత పనో లెక్క వేసి చూడండి. ఇక ఫతే మైదానానికి ఆటకన్నా ప్రమాణస్వీకారాలతో ఎక్కువ పేరు వచ్చింది. 1983 జనవరి 9న రామారావుగారు ప్రమాణం చేసింది అక్కడే, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డిగారు ప్రమాణం చేసిందీ అక్కడే. చరిత్రకు అవీ కావలసినవే. కాని ఏ విశేషమూ లేని ఒక మామూలు మధ్యాహ్నం, రెండు చిన్న జట్లు ఆడుతుంటే దారిన పోయేవాడు కాసేపు నిలబడి చూసి పోగలగడం కూడా ఊరికి అవసరమే. అభిమానం అలా నిలబడి చూసినప్పుడే అంటుకుంటుంది.

2025 డిసెంబరు 13న మెస్సీ హైదరాబాదు వచ్చాడు. జట్టు వెళ్ళిపోయి రెండు నెలలు. ఉప్పల్ స్టేడియానికి వేలల్లో జనం వెళ్ళారు. మా వీధి కుర్రవాళ్ళు కూడా చారల చొక్కాలు వేసుకుని వెళ్ళారు. ఎగతాళి చేయాలని నాకు అనిపించలేదు. అంత గొప్ప ఆటగాణ్ణి కళ్ళారా చూడాలనుకోవడంలో వింత ఏమున్నది? ఈ ఊరికి ఫుట్‌బాల్ అంటే ఇష్టం లేదనే మాట మాత్రం ఆ రోజుతో అబద్ధమని తేలింది. ఇష్టం ఉన్నది. దానికి ప్రతి వారం వెళ్ళి కూర్చోవడానికి ఒక చోటు లేదు. అంతే.

మా మేనకోడలికి ఇప్పుడు టెన్త్ పరీక్షల వయసు. జట్టు వెళ్ళిపోయిన వారం అది ఆ నోటుపుస్తకం అటక మీద పెట్టేసింది. "ఇప్పుడు మన టీమ్ ఏది మామయ్యా?" అని అడిగింది. ఢిల్లీవారి ఆటలు టీవీలో చూద్దామా అన్నాను. "వాళ్ళు గెలిస్తే మనకేంటి?" అన్నది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. చొక్కా రంగు, పేరు, ఊరు, ఆటగాళ్ళు అన్నీ పోయాక అభిమానం అన్నది దేనికి అంటిపెట్టుకుని ఉండాలి? పెద్దవాణ్ణి గనుక నాకు జ్ఞాపకాలు చాలు. దానికి చాలవు. తొమ్మిదేళ్ళనుంచి పదిహేనేళ్ళ వరకు ఒక పిల్ల ఓడిపోవడం నేర్చుకుని, ఓడినవారిని ప్రేమించడం నేర్చుకుని, తీరా ఆ ప్రేమను పెట్టుకోవడానికి చోటు లేదంటే, పోయినది ఒక ఫ్రాంచైజీ మాత్రమే అని నేను అనుకోలేను.

కనుక భవిష్యత్తు గురించి నాకు తోచినది ఇది. శ్రీనిధి దక్కన్ అని ఊరి పొలిమేరలో మొయినాబాదు వైపు మరో జట్టు ఉన్నది. 2022–23లోనూ 2023–24లోనూ ఐ-లీగులో రెండో స్థానంలో నిలిచింది. ఆ రెండేళ్ళూ మొదటి స్థానంలో నిలిచిన పంజాబ్, మొహమ్మడన్ జట్లు పై లీగుకు వెళ్ళాయి. ఒక్క మెట్టు తేడా. దారి దూరమే, అయినా వెళ్తాం. దానికన్నా ముఖ్యంగా, మా ఊరి స్థానిక లీగుకు రహీమ్ పేరు పెట్టారు. ఆ ఆటలకు పత్రికల్లో నాలుగు వాక్యాలు వస్తే గొప్ప. అక్కడ ఆడే కుర్రవాళ్ళు ఇక్కడివారు, ఎవరూ సంతకం పెట్టి తరలించలేనివారు. నిజామాబాదు జిల్లాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడిందంటే, ఆమె మొదట ఆడినది ఇటువంటి పేరులేని మైదానంలోనే కదా!

ఇంకొకటి మన చేతిలో ఉన్న పని. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలు ఏరే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. ఎన్నో ఏళ్ళుగా ఏరుతున్నాను, హైదరాబాదు ఫుట్‌బాల్ మీద తెలుగు పుస్తకం ఒక్కటి నా చేతికి తగలలేదు. ఆ ఆటగాళ్ళ ఇళ్ళలో మాట్లాడుకున్నది ఉర్దూ, తమిళం, ఇంగ్లీషు. మన సాహిత్యం అటు తొంగిచూడలేదు. రహీమ్ కథ 2024లో హిందీ సినిమాగా వస్తే మన ఊరి కథ మనం హిందీలో తెలుసుకోవలసివచ్చింది. మీలో ఎవరి తండ్రి అయినా, తాత అయినా ఫతే మైదానంలో ఆట చూసి ఉంటే, వారు చెప్పినది రాసి పెట్టండి. స్కోరు తప్పినా ఫరవాలేదు. ఎక్కడ కూర్చున్నారో, ఏమి తిన్నారో, ఎవరి పేరు పెట్టి అరిచారో రాయండి.

పరీక్షలు అయ్యాక రహీమ్ లీగు ఆటలు ఎక్కడ ఉంటే అక్కడికి తీసుకెళ్తానని మేనకోడలికి చెప్పాను. వస్తానని అనలేదు, రానని అనలేదు. కాని నిన్న స్టూలు వేసుకుని అటక మీదనుంచి ఆ నోటుపుస్తకం దింపింది. వెనుక ఇంకా ఇరవై కాగితాలు ఖాళీగా ఉన్నాయట.